చెల్లెలి నడక

"ఏమండీ, తలుపు తియ్యండి! ఒక్క మాట పలకండి చాలు!"

స్నానాలగదిలో కొళాయి ధారగా పడుతూనే ఉంది. మనిషి మాత్రం ఉలకడు, పలకడు. ఆమె అరచేత్తో తలుపు బాదింది. పిడికిలితో బాదింది. ఆఖరికి భుజం ఆనించి తోసింది. లోపలి గడియ బిగిసిపోయి ఉంది.

వెనక మంచం మీద ఆయన బెల్టు పడి ఉంది. ప్యాంటుకి పెట్టుకునే బెల్టు కాదు. రొమ్ము చుట్టూ కట్టుకునేది, గుండె కొట్టుకునే తీరంతా పసిగట్టి ఆసుపత్రికి పంపేది. స్నానానికి తప్ప తియ్యకూడదని డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. చిత్రమేమిటంటే, గుండెకి ఒక కొత్త వైద్యం జరిగి ఇంటికి వచ్చాకే ఆయనకి స్నానాల పిచ్చి పట్టుకుంది.

"మావాడు చేపగా పుట్టాల్సింది," అని అత్తగారు నవ్వేది. "చిన్నప్పుడు నీళ్ళు పోస్తానంటే గోడ దూకి పారిపోయేవాడు. ఇప్పుడేమో తెల్లారిందగ్గర్నుంచీ నీళ్ళలోనే."

ఇప్పుడు అత్తగారు నవ్వడం లేదు. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి "నాయనా, నాయనా" అంటోంది. ఆ పిలుపు పక్కగదికి కూడా వినపడేట్టు లేదు.

"వదినా, జరుగు."

వరండాలో కూర్చుని ఉండవలసిన ఆడపడుచు, ముక్కూ మూతీ కప్పే మాస్కుతో, భుజాన పనిముట్ల సంచీతో నడింట్లోకి వచ్చేసింది. లిఫ్టులు బాగుచేసే పని ఆమెది. రోజూ పనికి పోతూ ఇక్కడ ఆగి, వరండా కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి అన్నగారితో నాలుగు మాటలాడి వెళుతుంది. గడప దాటి లోపలికి రాకూడదన్నది వదిన పెట్టిన కట్టడి.

"నువ్వెందుకొచ్చావ్ లోపలికి..." అనబోయి ఆమె మింగేసింది.

ఆడపడుచు సంచీలోంచి సన్నటి రేకుపలక తీసి తలుపు సందులో దూర్చింది. ఏదో తడిమి, మణికట్టు ఒకసారి తిప్పింది. గడియ జారింది. ఇంతసేపూ తన భుజం నొప్పెట్టేట్టు తోసినా కదలని తలుపు, ఆ పిల్ల చెయ్యి పడగానే చెప్పినమాట విన్నట్టు తెరుచుకుంది.

ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని గోడకి జారగిలబడి ఉన్నాడు. తల పొడిగా ఉంది. ఒంటిమీద చెమట తప్ప నీటిచుక్క లేదు. బకెట్టులో మాత్రం తువ్వాలు మునిగి ఉంది.

ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా వంగి ఉన్నది పెళ్ళాం. ఆయన చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది.

"వచ్చావుటే సుడిగాలీ," అన్నాడు.

ఆడపడుచు ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి లెక్కపెట్టింది. కొళాయి కట్టాలన్న సంగతి కూడా ఎవరికీ తోచలేదు.

"దడ ఇంకా నెమ్మదించలేదు అన్నయ్యా. ఈసారి చాలాసేపు ఉంది."

ఈసారి. ఆ మాట వదిన చెవిలో ముల్లులా దిగింది. ఈసారి అంటే ఇంటికి వచ్చాక ఇంతకుముందు కూడా వచ్చాయన్నమాట. ఆ సంగతి ఆడపడుచుకి తెలుసన్నమాట. పక్కన పడుకునే పెళ్ళానికి తెలియదన్నమాట.

"అంబులెన్సుకి ఫోను చెయ్యి," అంది ఆమె. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ మాట్లాడినా నోట్లోంచి ఏం వస్తుందో ఆమెకే తెలియదు.

* * *

ఆసుపత్రి వరండాలో ఇద్దరికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన్ని లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. ఆ కుర్చీలో ఆడపడుచు పనిముట్ల సంచీ పెట్టబోయింది. వదిన చూసిన చూపుకి మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన గుండె కండ పలచబడిపోవడం తండ్రి నుంచి వచ్చిన జబ్బు. బస్సు నడిపే తన భర్త, చివరికి స్టీరింగు తిప్పాలన్నా ఆయాసపడేవాడు. ఈ ఆసుపత్రిలో కొత్త వైద్యం ఒకటి పరీక్షిస్తున్నారని తెలిసి వచ్చారు. రక్తంలోంచి కొన్ని కణాలు తీస్తారట. వాటిని ఏ అవయవమూ కాకముందు ఉండే తొలిదశకి తీసుకెళ్ళి, మూలకణాలుగా మార్చి, మళ్ళీ గుండె కణాలుగా పెంచుతారట. గాజుపళ్ళెంలో వాటంతట అవే టుకటుకా కొట్టుకుంటాయట. వాటిని గుండెలో పలచబడ్డచోట ఎక్కిస్తారట.

ఆయన కణాలు పనికిరావు. జబ్బు వాటిలోనే ఉంది. ఇంకొకరివి కావాలి.

అందరికంటే ముందు చెయ్యి చాపింది తను. అది ఎవరికీ గుర్తులేదు. "నాది తీసుకోండి, ఎంత కావాలంటే అంత తీసుకోండి" అంటూ చీర చెంగు భుజం పైకి లాగి మరీ చెయ్యి చాపింది. తీసుకున్నారు. పరీక్ష చేశారు. కలవదన్నారు. పెళ్ళిలో కలిసిన చేతులకి రక్తం కలవదుట. అత్తగారిది సగమే కలిసింది. చెల్లెలిది పూర్తిగా కలిసింది, పైగా ఆమెకి తండ్రి జబ్బు రాలేదు.

ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూసి ఆమెకి సంతోషం కలిగింది. నిజంగానే కలిగింది. ఇంటికి వెళ్ళి మిషను ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలు కుడుతుంటే మాత్రం సూది ఎందుకో మాటిమాటికీ విరిగింది.

ఎక్కించిన కణాల్లో చాలావరకు మొదట్లోనే చచ్చిపోయాయన్నారు డాక్టర్లు. అది మామూలేనట. మిగిలినవి వేళ్ళూనుకున్నాయి. కానీ వాటికి కలిసి నడవడం రాదు. పాత గుండె ఒక దారి, అవి ఒక దారి. ఉన్నట్టుండి సొంతంగా పరుగు అందుకుంటాయి. ఆసుపత్రిలోనే మొదటిసారి అలా దడ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ వణికిపోతే, ఆయన రొమ్ము మీద చెయ్యేసుకుని నవ్వాడు.

"మా చెల్లాయి నడక ఇది! చిన్నప్పుడు బడికి తీసుకెళితే నా చెయ్యి విదిలించుకుని ఇలాగే పరుగెత్తేది. సుడిగాలి!"

ఆనాటి నుంచి ఆమె ఆయన రొమ్ము మీద చెయ్యి వెయ్యలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ఇప్పుడు, గోడవైపు చూస్తూ.

"ఇంటికి వచ్చినప్పటినుంచే వదినా."

"దడ రాగానే బెల్టు తీసేసి స్నానానికి పోవడం. డాక్టర్లకి తెలియకుండా. ఈ తెలివి ఎవరిది? ఆయనకైతే ఇంత తెలివి లేదు."

"అన్నయ్యదే."

"నీకు చెప్పేవాడు."

"కిటికీ దగ్గర చెప్పేవాడు. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

"భలే ఒట్టు! మనిషి పోయినా ఒట్టు మిగిలేది. ఫోటో పక్కన పెట్టుకునేవాళ్ళం."

ఆడపడుచు తల వంచుకుంది. సంచీ జిప్పు తీసింది, మూసింది, మళ్ళీ తీసింది.

"అడ్డమైనవాళ్ళూ లోపలికి రాకుండా చూసుకోమన్నారు డాక్టర్లు," ఆమె గొంతు పెంచింది. "సూక్ష్మక్రిమి పడితే మనిషి దక్కడన్నారు. తువ్వాలు ఒకసారి వాడింది రెండోసారి వాడనివ్వలేదు, ప్రతిదీ మరిగించి ఉతికాను. నా చేతులు చూడు. ఇంత చేసి నేను కాపలా కాస్తుంటే, మీరిద్దరూ కిటికీ దగ్గర గుసగుసలా?"

"నన్ను వరండాలో కూర్చోబెట్టింది క్రిముల కోసమేనా వదినా? పాలబ్బాయి లోపలికి వస్తాడు. నీ దగ్గర చొక్కాలు కుట్టించుకునేవాళ్ళు వస్తారు. మాస్కు కట్టుకున్నా రాకూడనిదాన్ని నేనొక్కదాన్నే. నేను పరాయిదాన్నా?"

"ఆయన ఒంటిని అడుగు! నీ కణాలు పరాయివనేగా ఒళ్ళు వాటిమీద తిరగబడేది? అది తిరగబడకుండానేగా అన్నేసి మాత్రలు? మనిషికి తెలియకపోయినా ఒంటికి తెలుసు ఎవరు ఎవరో."

అనేసింది. చక్రాల మంచం తోసుకుపోతున్న నర్సు కూడా ఒకసారి తలతిప్పి చూసింది.

ఆడపడుచు ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు.

"అన్నయ్య ఎందుకు దాచాడో అడగవేం?"

"ఎందుకు?"

"ఇంటికి పంపేముందు పరీక్ష చేసినప్పుడు డాక్టరుగారు నీతో అన్నారట కదా, దడ ఆగకపోతే సన్నటి తీగ పంపి, పరుగు పుట్టే చోటు కాల్చెయ్యొచ్చని. నువ్వేమన్నావు?"

ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుంది.

"'కాల్చెయ్యండి, పీడ విరగడైపోతుంది' అన్నావు. అన్నయ్య తెర వెనకాల చొక్కా తొడుక్కుంటున్నాడు. విన్నాడు."

ఖాళీ కుర్చీ మీద ఎండపొడ పడింది. ఆమె దానివైపే చూస్తూ కూర్చుంది. ఆ మాట తను అన్నదే. అప్పుడు కడుపు చల్లబడినట్టు అనిపించిన సంగతి కూడా గుర్తుంది.

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు?" కాసేపటికి అడిగింది. గొంతులో పదును తగ్గింది. "ఆయనంటే సరే, మొండివాడు. నీకు భయం వెయ్యలేదూ?"

"వేసింది. రోజూ వేసేది."

"అయినా చెప్పలేదు. నీవి కాల్చేస్తారని."

"అందుకు కాదు," అంది ఆడపడుచు. ఆగింది. "అందుక్కూడా."

ఆమె తల తిప్పి చూసింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నయ్య నీవాడే కదా వదినా. ఇల్లు నీది, మంచీచెడూ నీది. నాన్న పోయాక నన్ను ఎత్తుకు తిరిగినవాడి దగ్గరికి నేను గడియారం చూసుకుంటూ వచ్చి వెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళకి ఆయన గుండెలో నాకు ఇంత చోటు దొరికింది," అని బొటనవేలి గోరు చూపించింది. "అది కూడా కాల్చెయ్యమన్నావు."

తను ఇన్నాళ్ళూ ఈ పిల్లని చూసి ఏడ్చింది. ఈ పిల్ల తనని చూసి ఏడుస్తోందని ఎన్నడూ తట్టలేదు. తట్టినందుకు జాలి కలగాలి. కలగలేదు. "నా చోటు చూసి నీకూ కడుపుమంటేనన్నమాట" అని లోపల ఎక్కడో కాస్త తృప్తి కలిగింది, అంతే.

* * *

డాక్టరు నడివయసు మనిషి. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంటే మంచిమాట కాదని ఆమెకి అనుభవం. తీసి పట్టుకున్నాడు.

"ఇంజెక్షనుతో ప్రస్తుతానికి నెమ్మదించింది. ముందు ఒక సంగతి. ఎక్కించినవి పనిచేస్తున్నాయమ్మా. గుండె కొట్టుడులో బలం పెరిగింది, స్కానులో స్పష్టంగా తెలుస్తోంది. గడ్డల్లాంటివేమీ కట్టలేదు. చిక్కల్లా ఈ పరుగుతోనే. అవి ఇంకా పసివి. పసిపిల్లలు పెద్దవాళ్ళతో సమంగా అడుగు వెయ్యడం నేర్చుకోవాలి. నేర్చుకుంటే పరుగు దానంతటదే తగ్గుతుంది. నేర్చుకోకపోతే ఏదో ఒకరోజు గుండె మొత్తాన్నీ లాక్కుపోతాయి."

"కాలిస్తే?" అంది ఆమె. ఆడపడుచు వైపు చూడలేదు.

"పరుగు ఆగొచ్చు. ఆ చోట ఉన్న కొత్త కణాలు పోతాయి. వచ్చిన బలంలో చాలాభాగం వాటిదే. మళ్ళీ ఎక్కిద్దామంటే ఈ శరీరం తట్టుకోలేదు." డాక్టరు నిట్టూర్చాడు. "దడలు రోజురోజుకీ తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా? నాకు తెలియాల్సింది అదొక్కటే. తగ్గుతుంటే ఇక్కడే పెట్టుకుని, మందులిస్తూ, కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాస్తాం. పెరుగుతుంటే ఆగలేను. ఆయనేమో దడ వచ్చినప్పుడల్లా బెల్టు తీసేశారు. నా దగ్గర ఏమీ లేదు. తెలియకుండా నేను ఎదురుచూడలేను."

"తగ్గుతున్నాయి డాక్టరుగారూ," ఆడపడుచు చటుక్కున అంది. "ఇవాళ్టిది పెద్దది, నిజమే. కానీ మొదట్లో అస్తమానం వచ్చేవి. ఈ మధ్య బాగా తగ్గాయని అన్నయ్యే చెప్పాడు."

"బెల్టు తీసి దాచిన మనిషి, మీతో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడని ఏమిటమ్మా నమ్మకం?"

డాక్టరు వదిన వైపు తిరిగాడు. "ఆయన్ని అడిగితే 'మా ఆవిడ ఎలా అంటే అలా చెయ్యండి' అంటున్నారు. ఇంట్లో పగలూ రాత్రీ ఉన్నది మీరు. మీరేమైనా గమనించారా?"

ఏమీ గమనించలేదు అనబోయింది. అంతలో కళ్ళముందు డాబామీది దండెం కదిలింది.

తువ్వాళ్ళు. దడ వచ్చినప్పుడల్లా స్నానం. స్నానం చేసినట్టు కనపడాలని తువ్వాలు తడపడం. తడిపిన ప్రతి తువ్వాలూ వచ్చి పడింది తన మరిగే నీళ్ళలోనే. మొదట్లో ఆ దండెం చాలక గోడమీద కూడా ఆరేసింది. "ఈ మనిషికి తువ్వాళ్ళు ఉతకలేక చస్తున్నా" అని అత్తగారి దగ్గర విసుక్కుంది. తర్వాత గోడ అక్కర్లేకపోయింది. ఈ మధ్య దండెం సగం ఖాళీగానే ఉంటోంది. నిన్న దానిమీద ఒక్కటే తువ్వాలు గాలికి కొట్టుకుంటుంటే, "ఇవాళ పని తక్కువ" అనుకుని సంతోషించింది కూడా.

ఆడపడుచు చెప్పింది నిజమే. తగ్గుతున్నాయి. నేర్చుకుంటున్నాయి.

డాక్టరు ఎదురుచూస్తున్నాడు. తెలియదు అంటే చాలు. అబద్ధమైనా ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. తీగ వెళుతుంది, బొటనవేలి గోరంత చోటు కాలుతుంది. ఇక రొమ్ము మీద చెయ్యేసుకుని "మా చెల్లాయి" అని మురిసిపోవడం ఉండదు. ఆ ఇంట్లో, ఆ మంచంలో, ఆ మనిషిలో తను ఒక్కతే ఉంటుంది.

పక్కన ఆడపడుచు ఊపిరి బిగబట్టి నిలబడింది. వదిన నోటినుంచి ఏం వస్తుందో ఆమెకి ముందే తెలిసినట్టుంది. చేతిలో సంచీ పట్టీ మెలితిరిగిపోయింది.

ఆమెకి మళ్ళీ దండెమే కనపడింది. మొన్న తడిబట్టల గంప ఎత్తబోతుంటే ఆయన వచ్చి లాక్కున్నాడు. "నువ్వు జరగవే" అని, గంప భుజానికెత్తుకుని మెట్లన్నీ ఎక్కేశాడు. పైన నిలబడి, ఆయాసం లేకుండా ఈల వేశాడు. ఏళ్ళ తర్వాత విన్న ఈల. తను కింద నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ గంప మోసిన బలం ఎవరిదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించక తప్పడం లేదు.

"తగ్గాయి," అంది.

"నిశ్చయంగా చెప్పగలరా?"

"తువ్వాళ్ళు తగ్గాయండీ," అని, డాక్టరు అయోమయంగా చూస్తే, సంగతంతా విడమరిచి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరో తన చేతిలోంచి తన సొమ్మే లాక్కుపోతున్నట్టు ఉంది.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అయితే ఆగుదాం. బెల్టు మాత్రం ఇక మీ చేతుల్లో ఉండాలి."

ఆడపడుచు ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వదినా..."

"నాకేం చెప్పకు," అంది ఆమె, చెయ్యి విడిపించుకుని. "నీకోసం కాదు."

* * *

గదిలో ఆయన తీగల మధ్య పడుకుని ఉన్నాడు. తలవైపు తెరమీద పచ్చటి గీత ఒక తీరుగా పైకి లేస్తోంది, దిగుతోంది. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. దుప్పటి సరిచేసింది. సరిగానే ఉన్నదాన్ని ఇంకోసారి సరిచేసింది.

"కాల్చొద్దన్నాను," అంది. ఆయన ఒక్కమాట అంటాడని ఎదురుచూసింది. ఏ మాటో తెలియదు. ఏదో ఒకటి, తనకే చెందినది.

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. పెదవులు కదిలాయి.

"చెల్లాయి ఏదీ?"

ఇంత చేస్తే! ఆడపడుచు బయట కుర్చీలోనే ఉంది. పిలిస్తే పలికేంత దూరంలో ఉంది.

"వెళ్ళిపోయింది," అంది. "ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందిట. మీకు చెప్పమని కూడా చెప్పలేదు."

ఆయన మెల్లగా చెయ్యి ఎత్తి రొమ్ము మీద వేసుకున్నాడు. పెదవుల మీద ఆ నవ్వు వచ్చింది, ఆమె చూడలేని నవ్వు.

"ఎక్కడికీ పోలేదే. ఇక్కడే ఉంది. ఇదిగో, బయల్దేరింది."

తెరమీద పచ్చగీత తీరు మారింది. అంకెలు గబగబా ఎక్కసాగాయి. ఎక్కడో గంట మోగడం మొదలైంది. ఆమె లేచి మంచం పక్కనున్న, నర్సుని పిలిచే మీట నొక్కింది. నొక్కిన వేలు తియ్యకుండా పట్టుకుంది.

"కంగారుపడకు," ఆయన ఊపిరి తెగితెగి వస్తోంది, నవ్వు మాత్రం పోలేదు. "నా మాట అది ఎన్నడు విన్నది గనక! నువ్వు చెప్పు, నెమ్మదిగా నడవమని. నువ్వంటేనే దానికి భయం."

ఆయన ఆమె చేతిని తీసుకుని రొమ్ము మీద పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళ తర్వాత. అరచేతికింద రెండు నడకలు తెలిశాయి. ఒకటి ఆమెకి పెళ్ళినాటి నుంచీ తెలిసినది, బరువుగా, ఆలస్యంగా వచ్చేది. రెండోది దాన్ని దాటుకుని పోతోంది, చెయ్యి విదిలించుకున్న పసిపిల్లలాగా.

వరండాలో అడుగుల చప్పుడు. ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. ఆమె వంగి, ఆ రొమ్ముకి దగ్గరగా నోరు పెట్టి పిలిచింది.

"అమ్మాయ్..."

"ఇక్కడే ఉన్నాను వదినా. ఎక్కడికీ వెళ్ళలేదు," అని గుమ్మంలోంచి జవాబు వచ్చింది.